పోయినేడు ఏమైందో ముందు చెప్పు సారూ

(స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ బడిలో మైకు ముందు నేను చివరిసారి నిలబడింది ఎనిమిదో తరగతిలో, పొద్దున ప్రార్థనప్పుడు ప్రతిజ్ఞ చెప్పడానికి. సగంలో మరిచిపోయాను. తెలుగు సారు పక్కనుంచి అందించారు. ఈ రోజు ఆయన ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి కొంచెం ధైర్యంగా ఉన్నాను.

కమిటీ వాళ్లు నాకిచ్చిన విషయం వ్యాపారంలో, ప్రజాసంబంధాల్లో కథకు, సందర్భానికి ఉన్న చోటు. మనలో విత్తనాల వ్యాపారం చేసేవాళ్లున్నారు, రైస్ మిల్లులు నడిపేవాళ్లున్నారు, దవాఖానాలు, బడులు పెట్టినవాళ్లున్నారు, గోదావరిఖని గనుల్లో పనిచేసి రిటైరైనవాళ్లున్నారు, దుబాయిలో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ ఈ సభ కోసం వచ్చినవాళ్లున్నారు. ఎవరి పని చూసినా అందులో సగం ఎదుటివాళ్లకు ఒక మాట అర్థమయ్యేటట్టు చెప్పడమే. నేను జీవితమంతా జీతం తీసుకున్నది ఆ పనికే. అది ఎట్లా చేయాలో చెప్పే పుస్తకాలు బజారులో మస్తుగా దొరుకుతాయి. నేను మాత్రం నేను చేసిన రెండు తప్పుల చుట్టూ మాట్లాడుతాను. మొదటిది సందర్భం తెలియక చేసింది, రెండోది కథ బాగా చెప్పడం వచ్చాక చేసింది. రెండోదే పెద్దది.

1990ల చివర్లో నేను ఒక విత్తన కంపెనీలో చేరాను. పేరు అడగొద్దు. మన కరీంనగర్ దిక్కున హైబ్రిడ్ వరి విత్తనం పండించడం అప్పుడప్పుడే ఊపందుకుంటోంది. వ్యవసాయం తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. మామూలు వరిలో ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, దానంతట అదే గింజ కడుతుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే రెండు రకాలను పక్కపక్కన వరసలుగా నాటాలి. సొంత పుప్పొడి పనిచేయని రకం ఆడది, పుప్పొడి ఇచ్చే రకం మగది. మన రైతులు దీనికి "ఆడ-మగ వరి" అని పేరు పెట్టుకున్నారు. కంపెనీ కాగితాల్లో దీనికి ఎన్ని పేర్లున్నా ఈ పేరు ముందు నిలవవు. రెండూ ఒకేసారి పూతకు రావాలి. పూత మీదున్న రోజుల్లో పొద్దున పది దాటినప్పటి నుంచి పన్నెండు లోపల, పొలానికి అటొకరు ఇటొకరు తాడు పట్టుకుని లాగుతూ పోతే, మగ వరసల పుప్పొడి లేచి ఆడ వరసల మీద పడుతుంది. అదే సమయంలో పక్క పొలం నుంచి ఇంకో రకం పుప్పొడి గాలికి వచ్చి పడిందా, విత్తనం కల్తీ అయినట్టే. అందుకని చుట్టూ 100 మీటర్ల దాకా వేరే రకం వరి అదే అదనులో పూతకు రాకూడదు.

ఈ సంగతి రైతులకు తెలపమని నాకు చెప్పారు. నేను డిగ్రీ చదివినవాణ్ణి, నాకు భాష వచ్చని నాకే నమ్మకం. ఇట్లా రాశాను: "కంపెనీ నిబంధనల ప్రకారం 100 మీటర్ల ఐసోలేషన్ దూరం పాటించని క్షేత్రముల నుండి వచ్చిన విత్తనము తిరస్కరించబడును." అచ్చు వేయించి పంచాయతీ ఆఫీసు గోడలకు, ఎరువుల దుకాణాలకు అంటించాం. తప్పొప్పులు రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.

వారం తిరగకముందే ఒక ఊరి నుంచి కబురు వచ్చింది, ఈ యేడు మీ వరి వేసేది లేదని. పోయాను. వేపచెట్టు కింద గద్దె మీద ఇరవై మంది దాకా కూర్చున్నారు. నేను సంచిలో నుంచి కాగితాలు తీసి మొదలుపెట్టబోతుంటే ఒక పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవన్ని తర్వాత జెప్పుదువు. పోయినేడు ఏమైందో ముందు చెప్పు సారూ."

పోయినేడు ఏమైంది? నాకు తెలియదు. నేను చేరిందే ఆ యేడు. ఆఫీసుకు వచ్చి అడిగితే బయటపడింది. ముందు సంవత్సరం ఆ ఊరి బస్తాలు కొన్ని స్వచ్ఛత పరీక్షలో ఫెయిలయ్యాయి. ఆ పరీక్ష ఒక పూటలో తేలేది కాదు. బస్తాలో నుంచి కొంత విత్తనం తీసి, మళ్లీ పొలంలో నాటి, అది ఎదిగి పూతకు వచ్చేదాకా ఆగి, ఎన్ని మొక్కలు తేడాగా ఉన్నాయో లెక్కపెట్టాలి. నెలలు పడుతుంది. ఆ నెలల్లో రైతులకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. చివరికి చెప్పింది "ఫెయిల్" అని మాత్రమే. ఎవరి పొలంలో, ఎందుకు అన్నది లేదు, డబ్బు మాత్రం తగ్గింది. అట్లాంటి ఊరి గోడ మీద నేను "తిరస్కరించబడును" అని అంటించాను. వాళ్లు దాన్ని సాగు సలహాగా ఎందుకు చదువుతారు? ఈసారి కూడా డబ్బు ఎగ్గొట్టడానికి కంపెనీ ముందే రాసిపెట్టుకున్న కాగితంగా చదివారు. వాళ్ల చోట నేనున్నా అట్లాగే చదివేవాణ్ణి.

నా నోటీసులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అది ఆ ఊరి కోసం రాసింది కాదు. చదివేవాళ్ల మనసులో అప్పటికే ఒక కథ నడుస్తూ ఉంటుంది, మన కాగితం ఆ కథ నడుమకు పోయి పడుతుంది. దాన్నే సందర్భం అంటారని నాకు ఆ గద్దె మీద తెలిసింది.

రెండోసారి పోయినప్పుడు ముందటేటి రిజిస్టరు పట్టుకుపోయాను. మేనేజర్ ఇవ్వనంటే ఆయన్నే జీపు ఎక్కించుకుని పోయాను. పేరు పేరునా చదివాం, ఎవరివి ఎన్ని బస్తాలు పోయాయి, వాళ్ల పక్క మడిలో ఎవరు ఏ రకం వేశారు, అది ఎప్పుడు పూతకొచ్చింది. గంటన్నర పట్టింది. తిట్లు పడ్డాయి. ఇద్దరు అన్నదమ్ములు ఒకరినొకరు అనుకున్నారు. ఒక లెక్కలో తప్పు మాదేనని తేలింది, మేనేజర్ అక్కడే ఒప్పుకున్నాడు. అంతా అయ్యాక చెయ్యి అడ్డం పెట్టిన ఆ పెద్దమనిషే నా పని చేసిపెట్టాడు.

"గింతేనా ముచ్చట? ఆడ వరికి మగ వరికి మనం పెండ్లి జేస్తున్నం. పిలువనోడు పందిట్లకు రావద్దు. వచ్చిండనుకో, పుట్టిన పిల్ల ఎవలి పోలికనో ఎవలు జెప్తరు?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులు ఆగకముందే వాగుకు ఇవతలున్న మడులన్నిట్లో ఒకే విత్తన వరి వేద్దామని వాళ్లకు వాళ్లే మాట్లాడుకున్నారు. నేను అడగనేలేదు. మరుసటి ఏటి నుంచి మా కరపత్రాల్లో ఐసోలేషన్ అన్న మాట పోయి పెండ్లి పందిరి వచ్చింది. మా హైదరాబాద్ ఆఫీసు వాళ్లకు కథలతో రైతులకు చెప్పాలని పెద్ద పాఠం తెలిసినట్టయింది, ఇంకో నాలుగు జిల్లాలకు అదే కరపత్రం పంపారు. కొన్నిచోట్ల ఏమీ కాలేదు. అక్కడివాళ్లకు పెండ్లి కథ చేరింది కానీ రిజిస్టరు చేరలేదు మరి. బకాయి పడ్డవాడు వచ్చి జోకు చెబితే ఎవరు నవ్వుతారు?

ఈ విద్య మనకు పైనుంచి వచ్చింది కాదు. మన ఊళ్లలో మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పే ఒగ్గు కళాకారులను చూడండి. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు గారి ఒగ్గుకథ విన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు. పక్కనున్నవాడు తాళం అందుకుంటాడు, మాట అందుకుంటాడు, ఏమీ తెలియనట్టు అడ్డం ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న ముందు కూర్చున్న జనం మనసులో ఉన్నదే. అది అడిగి జవాబు రాబట్టాకే కథ ముందుకు కదులుతుంది. మన ఆఫీసు ఉత్తరాల్లో ఆ రెండో మనిషి ఉండడు. ఆ గద్దె అనుభవం తరువాత నేను ఏది రాసినా అచ్చుకు పోకముందు మా జీపు డ్రైవర్‌ను కూర్చోబెట్టి చదివి వినిపించేవాణ్ణి. "ఎవలికి సార్ ఇది? గట్ల చెయ్యకుంటె ఏమైతది? మరి పైసలెప్పుడిస్తరు?" అని అడిగేవాడు. మూడు ప్రశ్నలకూ జవాబు కాగితంలో లేకపోతే మళ్లీ రాసేవాణ్ణి. మీ దగ్గర పెద్ద ఏజెన్సీలు ఉన్నా సరే, అట్లాంటి మనిషి ఒకరిని వెతుక్కోండి.

అమ్మకం దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇక్కడున్నవాళ్లలో చాలామందికి కావలసింది అది. మన కరీంనగర్ వెండి తీగ పనినే తీసుకోండి, ఫిలిగ్రీ అంటాం. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణంలో అత్తరుదానో పళ్లెమో చేతికిస్తే కొనేవాళ్లు మొదట అడిగేది "తులం ఎంత?" అని. అక్కడే ఆ కళాకారుడు ఓడిపోతాడు, ఎందుకంటే తీగ పనిలో వెండి బరువు తక్కువ, చేతిపని ఎక్కువ. వెండిని సన్నని రంధ్రాలలోంచి లాగి లాగి తీగ చేస్తారు, రెండు తీగలు కలిపి పేని నలుగగొడతారు, దాన్ని పూలుగా ఆకులుగా వంచి చట్రంలో ఒక్కొక్కటే కూర్చి అతుకు వేస్తారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే అంతసేపు చేసిన పువ్వు కరిగిపోతుంది. ఇది కళ్లముందు రెండు నిమిషాలు చూసినవాళ్లు తులం లెక్క అడగడానికి మొహమాటపడటం నేను చూశాను. వాళ్లకు ఎవరూ కథ చెప్పలేదు. పని ఎట్లా జరుగుతుందో చూపించారు, ధర దానంతట అదే అర్థమైంది.

గోదావరి దాటి నిర్మల్ పోతే ఇంకో రకం సంగతి. నిర్మల్ బొమ్మల గురించి ఎవరిని అడిగినా ఒక ముచ్చట చెబుతారు, నిజాం వచ్చినప్పుడు ఆయన కూర్చునే చోట పైన అరటిపువ్వు లాంటిది కట్టారని, అది విచ్చుకుని బంగారు రేకులు రాలాయని, ఆయన మెచ్చుకున్నాడని. ముచ్చట అందంగా ఉంది. కానీ అది విన్న కొనుగోలుదారుకు నిజాం గుర్తుంటాడు, చేతిలో ఉన్న బొమ్మ గుర్తుండదు. ఆ బొమ్మ పొనికి కర్రతో చేస్తారని, అది తేలికగా మెత్తగా ఉంటుంది కాబట్టే అంత నునుపుగా చెక్కగలుగుతారని, ముక్కలను చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి అతుకుతారని, అడవిలో ఆ పొనికి చెట్టు తగ్గిపోయి కర్ర దొరకడమే ఇప్పుడు కష్టమైందని చెప్పండి. మామిడిపండు బొమ్మను ఒకసారి చేతిలో తిప్పి చూస్తారు. రాజు కథ ఏ ఊరి సరుకుకైనా అతికించొచ్చు, పొనికి కథ నిర్మల్‌కే అతుకుతుంది.

సిరిసిల్ల గురించి చెప్పకుండా దాటలేను. అక్కడి చేనేత కళాకారుడు యెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని చేత్తో నేసి ప్రధానమంత్రికి పంపారు. 2022 నవంబర్ 27న మన్ కీ బాత్‌లో ఆ సంగతి దేశమంతా విన్నది. ఏ ప్రకటనల కంపెనీ అయినా కోట్లు తీసుకుని చేయాలనుకునే పని అది, ఒక నేతగాడు మగ్గం మీద కూర్చుని చేశాడు. గర్వపడాలి. కానీ అదే సిరిసిల్ల నుంచి ఒకప్పుడు నేతన్నల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చేవి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు మరమగ్గాలకు పని ఇచ్చాయి. ఒక మంచి కథతో ఊరికి పేరొస్తుంది, మగ్గం ఆడాలంటే మాత్రం ఆర్డరు రావాలి. ఆర్డరు పని చేయాల్సినచోట కథతో సరిపెట్టాలని చూసేవాళ్లను నేను చాలామందిని చూశాను, కొన్నాళ్లు నేనూ అందులో ఒకణ్ణి.

కథకు శక్తి లేదని అనడం లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట అందరికీ తెలుసు. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల చితికిపోయిన ఒక ఇంటి కథ. అది చదివిన ఆడవాళ్లు ఇది మా కథే అనుకున్నారు, ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటి మన దాకా వచ్చింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. సీతమ్మ వాళ్ల ఊళ్లో ఉన్న మనిషి కాదు, అయినా ప్రతి ఇంట్లో ఉన్న మనిషి. అందుకే ఎవరికీ నష్టం జరగలేదు. ఈ మాట ఎందుకంటున్నానో నా రెండో తప్పు చెబితే తెలుస్తుంది.

ఆ గద్దె సంగతి తరువాత నాకు కంపెనీలో పేరొచ్చింది. కొత్త సంవత్సరం క్యాలెండర్ చేసే పని నాకు అప్పగించారు. పన్నెండు నెలలకు పన్నెండు మంది రైతుల విజయగాథలు. ఒక నెలకు నేను ఎంచుకున్న రైతు మంచి పనిమంతుడు. ఆ యేడు ఆడ-మగ వరి బాగా పండింది. ఫోటో దిగుతావా కాకా అంటే తలపాగా సర్దుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఫోటో కింద ఎకరానికి ఎంత మిగిలిందో పెద్ద అక్షరాలతో వేశాం. అంకె నిజమే, నేనే లెక్క చూశాను.

క్యాలెండర్ ప్రతి ఎరువుల దుకాణంలో, ప్రతి మిల్లులో వేలాడింది. రెండు నెలలకు ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. చంకలో క్యాలెండర్ చుట్టి పెట్టుకున్నాడు. ముందు నేను సంతోషంగా కుర్చీ వేశాను, ఇంకో నాలుగు క్యాలెండర్లు అడగడానికి వచ్చాడేమో అనుకున్నాను. ఆయన కూర్చోలేదు. అంతకు ముందు రెండేళ్లు వరసగా రెండు బోర్లు వేస్తే నీళ్లు పడలేదు, ఆ అప్పు అట్లాగే ఉంది. క్యాలెండర్ చూసి అప్పిచ్చినవాళ్లు ఇంటికి వచ్చారు, ఇంత మిగిలితే మాకెందుకు కట్టవని. బిడ్డకు సంబంధం కుదిరింది, మాటలయ్యాయి. మగపెండ్లివాళ్లు ఏదో మిల్లులో అదే క్యాలెండర్ చూశారు. కట్నం మాట మళ్లీ మొదటికొచ్చింది.

నేను తడబడుతూ, "కాకా, అందులో అబద్ధం ఏమీ రాయలేదు గదా" అన్నాను.

"అబద్ధం రాయలే సారూ" అన్నాడు. "గని నాది మొత్తం రాయలే."

క్యాలెండర్ నా బల్ల మీద పెట్టి పోయాడు. వేసిన క్యాలెండర్లు గోడల మీద నుంచి తీయించలేం. కంపెనీ తరఫున ఏమైనా చేద్దామని అడిగితే, మంచి ప్రచారం వచ్చింది గదా, ఆయనకు మాత్రం ఇబ్బందేముంది అన్నారు. ఆ సంబంధం తప్పిపోలేదు కానీ దానికోసం ఎడ్లను అమ్మాడని తరువాత విన్నాను. ఇన్నేళ్లలో ఈ సంగతి నేను వేదికల మీద చెప్పలేదు. వృత్తివాళ్ల సభల్లో మనం గెలిచినవే చెప్పుకుంటాం.

ఎవరి కథ ఎవరు చెప్పాలన్న కట్టుబాటు మన దగ్గరే, ఆదిలాబాద్ అడవుల్లో ఉందని నాకు అటువైపు ఉద్యోగం మీద పోయినప్పుడు తెలిసింది. గోండుల వంశ కథలు, దేవతల కథలు చెప్పేది ప్రధాన్‌లు. కిక్రీ వాయిస్తూ పాడుతారు. ఎవరు పడితే వాళ్లు ఎవరి కథ పడితే అది చెప్పరు. ఫలానా ప్రధాన్ కుటుంబానికి ఫలానా గోండు వంశం అని తరాల సంబంధం ఉంటుంది. వినేవాళ్ల ముందే వాళ్ల కథ చెప్పాలి కాబట్టి తప్పు చెబితే అక్కడే పట్టుకుంటారు. మా క్యాలెండర్ ఆ రైతు ఊరి వాళ్ల ముందు కూర్చుని రాసి ఉంటే బోర్ల మాట ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తేవారు.

ప్రజాసంబంధాలు అంటే ఏమిటో చూడాలంటే కూడా నేను కొత్తగా చేరిన పిల్లలను కేస్లాపూర్ పొమ్మంటాను. ఇంద్రవెల్లి దగ్గర, పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్లు కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు. ఆ జాతరలోనే దర్బారు జరుగుతుంది, అధికారులు వచ్చి కూర్చుని జనం చెప్పింది వింటారు. అది ఊరికే పుట్టలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణాలు పోయాయి. పోడు భూములు, అడవి హద్దులు, చేతులు మారిన పట్టాలు, వీటన్నిటి మీద సర్కారు హుకుములు గోండులకు రాని భాషల్లో వచ్చేవి, గోండులు చెప్పుకునేది సర్కారుకు చేరేది కాదు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల భూమి గోస రాసి ప్రభుత్వానికి ఇచ్చాడు. గోండు పిల్లలకు గోండిలోనే పాఠాలు చెప్పడానికి గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. కేస్లాపూర్ దర్బారు కూడా ఆ 1940లలోనే మొదలైంది.

ఇందులో నాకు నచ్చేది చోటు, రోజు. జనాన్ని కచేరీకి పిలవలేదు. వాళ్లు ఎట్లాగూ వచ్చే చోటికి, వాళ్ల దేవుడి దగ్గరికి, వాళ్ల పండుగ నాడు సర్కారే పోయింది. మన కంపెనీలు, దవాఖానాలు ఇప్పుడు చేసేది తలకిందులు, హోటల్లో సమావేశం పెట్టి ఊరివాళ్లను బస్సుల్లో తీసుకొస్తారు, భోజనం బాగుంటుంది, ఎవరూ ఏమీ అడగరు. దర్బారులో కూడా అసలైన పరీక్ష ఒకటే అనిపిస్తుంది నాకు. వేదిక మీద ఎవరేం మాట్లాడారన్నది కాదు, పోయినేడు ఇచ్చిన అర్జీ ఏమైందో ఈ యేడు చెప్పారా లేదా అన్నది.

సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి దిగుతాను, ఇది మన ఇంటి సంగతి.

కొత్త తరగతి గదుల కోసం మన సంఘం వాట్సాప్‌లో ఒక విజ్ఞప్తి పెట్టింది. "పూర్వ విద్యార్థులు విరివిగా విరాళాలు అందజేసి స్వర్ణోత్సవాలను జయప్రదం చేయగలరని మనవి." దానికి రెండు చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి, డబ్బు తక్కువ వచ్చిందని కోశాధికారి బాధపడ్డాడు. మనవాళ్లకు బడి మీద ప్రేమ తగ్గిందని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నువ్వు కూడా "బడును" అని రాశావురా అన్నాను.

మిత్రులారా, రజతోత్సవం అప్పుడు మనందరం డబ్బులు వేశాం, గుర్తుందా? బోరు కోసం. ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, నీళ్లు పడ్డాయా లేదా, ఇప్పటిదాకా మనకు ఎవరైనా చెప్పారా? నేనూ అడగలేదు. పొద్దున టిఫిన్ తరువాత మీరంతా వరసలో నిలబడి చేతులు కడుక్కున్న నల్లా ఆ బోరుదే. ఇన్నేళ్లుగా ఆడపిల్లల బాత్రూములకు నీళ్లు దాని నుంచే వస్తున్నాయని పెద్ద మేడం చెప్పారు. ఈ రెండు మాటలు ఆ మెసేజ్‌లో లేవు.

పాత లెక్కల పుస్తకం బీరువాలో దొరికింది. రాత్రి నేను, కోశాధికారి కూర్చుని చదివాం. భోజనాల తరువాత అతను దాన్ని ఈ మైకులోనే మొదటి నుంచి చివరిదాకా చదువుతాడు, దయచేసి ఎవరూ లేచిపోకండి. విరాళమిచ్చినవాళ్ల పేర్లున్నాయి, డ్రిల్లింగ్ ఖర్చుంది, కేసింగ్ పైపుల బిల్లుంది, మిగిలిన కొద్దిపాటి డబ్బుతో తులసి మొక్కకు కట్టిన గద్దె ఖర్చు కూడా ఉంది. చివరి పద్దు మాత్రం పెన్సిల్‌తో రాసి ఉంది. మోటారు కాలిపోతే వైండింగ్ చేయించిన ఖర్చు, మన అటెండర్ తన చేతి నుంచి పెట్టుకున్నాడు. పక్కన "ఇంకా ఇయ్యాలె" అని ఉంది.

ఆయన ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.